పాత ఫాంటులో నలభై రెండో సీన్

మధురానగర్, హైదరాబాద్
జూలై 3, 2025

కరుణా,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తితే నేను ఒకటి అడిగితే నువ్వు ఇంకోదానికి "ఊఁ" అంటావు. అందుకని మెయిల్లోనే రాస్తున్నాను. నలభై ఎనిమిదేళ్ళకే ఈ చెవుడేమిటో. అప్పుడెప్పుడో టైఫాయిడ్ వచ్చి చెవి పాడైందని అమ్మ అనేది, నిజమే కాబోలు.

సృజన్ తీసిన సినిమా మీ ఏలూరులో కూడా మూడో వారం ఆడుతోందట. అది నా కథ. 2019లో, ఫిల్మ్‌నగర్‌లో వాడికి ఆఫీసు కూడా లేని రోజుల్లో, ఎవరిదో మేడమీది గదిలో మూడు నెలలు సిట్టింగులు కూర్చుని సీను తర్వాత సీను చెప్పాను. ఇప్పుడు తెరమీద కథ, మాటలు, దర్శకత్వం అన్నిటికీ వాడి పేరే. ఆఖర్న కృతజ్ఞతల్లో వాడి కుక్కపిల్ల పేరు ఉంది, నా పేరు లేదు. ఇంటర్వెల్ ముందు వచ్చే నలభై రెండో సీన్‌కి హాలు మొత్తం ఈలలు. ఆ సీన్ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. అప్పట్లోనే చదివావు.

ఇక్కడి పద్ధతి నీకు తెలియదు. జూబ్లీహిల్స్‌లో ఒక్కో ఆఫీసులో నాలాంటి వాళ్ళు నలుగురు కూర్చుంటారు. టీలు వస్తాయి. "సార్, మీరు లెజెండ్ సార్" అంటారు. మనం కరిగిపోయి మన బతుకంతా బల్లమీద పరుస్తాం. సంతకం ఉండదు. అడిగితే "మన మధ్య కాగితాలేంటి సార్" అంటారు. ఏ జమీందారూ వెట్టి చేయించుకుంటూ ఎదుటివాణ్ణి లెజెండ్ అని పిలవలేదు. ఇరవై ఏడేళ్ళుగా వెట్టి మీద వ్యాసాలు రాస్తున్నాను. ఇరవై ఏడేళ్ళుగా వెట్టి చేస్తున్నాను.

రచయితల సంఘంలో ఫిర్యాదు ఇచ్చాను. మర్యాదగానే మాట్లాడారు. సినిమా మొదలవకముందు తేదీతో ఉన్న స్క్రిప్టు చూపించమన్నారు. ఆగస్టు 9న విచారణ. ఆ ఫైలు నా లాప్‌టాప్‌లోనే ఎక్కడో ఉంది. 'ఫైనల్' అని పదకొండు ఉన్నాయి, 'ఫైనల్ న్యూ' అని ఆరు, 'లాస్ట్ ఫైనల్ ఓకే' అని మూడు. తెలుగులో ఏ మాట కొట్టి వెతికినా 'ఏమీ దొరకలేదు' అంటోంది. నన్ను చాలామంది చాలా అన్నారు గానీ, ఇంత చల్లగా ఎవరూ అనలేదు.

కాలేజీ రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేది నువ్వే కదా, దారి చెప్పు. యాభై నాలుగేళ్ళొచ్చాయి. నా పేరు ఒక్కసారి తెరమీద చూసుకోవాలి. అంతకన్నా పెద్ద కోరికలు కోరే ఓపిక లేదు.

అన్నయ్య
ఆనందకుమార్

*

ఏలూరు
జూలై 6, 2025

ప్రియమైన అన్నయ్యకు కరుణ వందనాలు.

నువ్వు దేవుణ్ణి ఒప్పుకోవు కాబట్టి నీకోసం ప్రార్థన చేస్తున్నానని రాయను. చేస్తున్నాను.

సినిమా చూడలేదు. హాల్లో నాకు చప్పుడు తప్ప మాటలు అందవు. నీ మేనకోడలు జెరూష విజయవాడ నుంచి వచ్చినప్పుడు తన ఫోన్లో, కింద అక్షరాలు వచ్చేట్టు పెట్టి చూపిస్తానంది.

నేనిప్పుడు 1987 నాటి టీసీల దగ్గర ఉన్నాను. సగం చెదలు తిన్నవి, సగం వానకి తడిసి అతుక్కుపోయినవి. రోజుకి మూడు వందల కాగితాలు స్కాన్ చేసి ఇంటికి వచ్చేసరికి గోడమీద కూడా గీతలే కనిపిస్తున్నాయి. అందుకని కుదించి రాస్తాను.

నీకు తెలుగులో దొరకకపోవడానికి కారణం ఉంది. అప్పట్లో మీ డీటీపీ వాళ్ళు పాత ఫాంటులో కొట్టేవాళ్ళు. మన కంటికి అది తెలుగే గాని, లోపల కంప్యూటర్ దాచుకునేవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ఆ ఫాంటు లేని మిషన్లో తెరిస్తే అన్నీ పిచ్చి గీతలే. కాబట్టి నువ్వు తెలుగులో ఎంత అడిగినా దానికి అర్థం కాదు. ప్రతి సీన్ పైనా సీన్ నంబరు, లోపలా బయటా, పగలా రాత్రా అని ఇంగ్లీషులో కొడతారు కదా. అవి ఇంగ్లీషులోనే కొట్టి వెతుకు. రెండు మూడు మాటలు అదే వరసలో కావాలంటే ముందూ వెనకా కొటేషన్ గుర్తులు పెట్టు. ఇంటర్నెట్‌లో అయినా అంతే, లేకపోతే మాటకొకటి చొప్పున ప్రపంచమంతా తెచ్చి పోస్తుంది. అక్కర్లేని మాట ముందు మైనస్ గుర్తు పెడితే ఆ మాట ఉన్నవి రావు. ఫైళ్ళ పేర్లు నమ్మకు. ఫోల్డర్లో తేదీ అన్నచోట నొక్కితే అన్నీ వరసలో నిలబడతాయి, 2019 దగ్గర ఆగు.

ఇకముందు పేరు పెట్టేటప్పుడు సంవత్సరం, నెల, రోజు ముందు రాసి, ఆ తర్వాత విషయం రాయి. 'ఫైనల్' అన్న మాట మానెయ్. ఏదీ ఫైనల్ కాదు, మా ప్రిన్సిపాల్‌గారి ఆర్డర్లతో సహా.

వేళకి తిను.

నీ చెల్లి
కరుణాకుమారి

తా.క. ఫైలు దొరగ్గానే తెరవకు. ముందు ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టు, ఇంకొకటి నీ మెయిల్‌కి నువ్వే పంపుకో. చదవాలనిపిస్తే కాపీ చదువు. అసలుదాన్ని ముట్టుకోవద్దు.

*

మధురానగర్
జూలై 12, 2025

కరుణా,

దొరికింది!

ముందు నీ కొటేషన్ గుర్తులు ఇంటర్నెట్ మీద ప్రయోగించాను. నా పేరు పెట్టి వెతికితే నాలుగు ఊళ్ళ పళ్ళ డాక్టర్లు వచ్చారు. డాక్టర్ అన్న మాటకి మైనస్ పెట్టాను. వాళ్ళు పోయారు, వెనక ఎవరూ లేరు. పదకొండు పుస్తకాలు రాశాను. వాటిలో ఒక్కటీ ఆ యంత్రం కంటికి ఆనలేదు. ఎవడు కనపడాలో ఎవడు కనపడకూడదో నిర్ణయించేది నాలుగు కంపెనీలు. దాన్ని వెతకడం అంటారు, నాకైతే వాళ్ళు వడ్డించింది తినడంలా ఉంది.

ఆ తర్వాత శకుంతలమ్మ దగ్గరికి వెళ్ళాను. యూసుఫ్‌గూడలో నా స్క్రిప్టులన్నీ టైపు చేసిన డీటీపీ సెంటర్ ఆమెదే. "అప్పటి కంప్యూటర్ ఉందా అమ్మా?" అన్నాను.

"గా కంప్యూటర్ ఎప్పుడో తుక్కుల పోయింది సార్. కరోనాల షాపే సగం ఖాళీ అయింది. మీ లాప్‌టాప్ ఇటియ్యుండ్రి, జర సూస్త."

నువ్వు చెప్పినట్టే సీన్ నంబరు ఇంగ్లీషులో కొట్టింది, తేదీల వరసలో పెట్టింది. 2019 ఆగస్టు. 'లాస్ట్ ఫైనల్ ఓకే రెండు'. తెరిచింది.

ఆరేళ్ళ తర్వాత చదివాను. గర్వపడదామనుకున్నాను, సిగ్గేసింది. ఆ అమ్మాయి నోరు విప్పదు. ఆమె బదులు అన్న లేస్తాడు, అన్నే ఎదుటివాడి చెయ్యి పట్టుకుంటాడు, ఈలలన్నీ అన్నకే. ఒక మగవాడు చేసిన పాపాన్ని ఇంకో మగవాడు కడిగి చప్పట్లు కొట్టించుకోవడమా? ఆడవాళ్ళ హక్కుల మీద రెండు పుస్తకాలు వేసినవాడు రాయాల్సిన సీనేనా ఇది? అక్కడే కూర్చుని మార్చేశాను. అన్నని కుర్చీలోంచి లేవనివ్వలేదు. ఆమే లేస్తుంది. కుటుంబం గురించి, ఆస్తి గురించి, వంటింటి గురించి పేజీన్నర మాట్లాడుతుంది.

శకుంతలమ్మ కొడుతూ కొడుతూ ఆగింది. "దెబ్బ తిన్నంక గింతసేపు ఎవరు మాట్లాడతరు సార్?"

"మాట్లాడాలమ్మా. మార్పంటే అదే కదా."

"మీ ఇష్టం. వేరే పేరు మీద సేవ్ జేయాల్నా, దీని మీదనే జేయాల్నా?"

"దీని మీదే చెయ్యి. ఇకనుంచి ఇదే అసలు."

దీన్ని సంఘానికి ఎలా పంపాలో చెప్పు. నీ ఉత్తరం చివర్న ఏవో జాగ్రత్తలు ఉన్నట్టున్నాయి, అమ్మలాగా. తీరిగ్గా చదువుతాను.

అన్నయ్య

*

ఏలూరు
జూలై 15, 2025

అన్నయ్యా, వందనాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నమ్మబుద్ధి కాలేదు.

ఆ చివరి జాగ్రత్తలు ఇప్పుడు చదువు. తర్వాత ఫైలు మీద తేదీ చూడు. 'చివరిసారి మార్చినది' అన్నచోట ఈ నెల తేదీ పడి ఉంటుంది. 2019 పోయింది. మొదట పుట్టిన తేదీ అని ఇంకొకటి ఉంటుంది గాని, ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కి మారినప్పుడు అదీ మారిపోతుంది, దాన్ని ఎవరూ గట్టిగా పట్టుకోరు. పైగా సినిమాలో ఉన్న సీను ఇప్పుడు నీ ఫైల్లో లేదు. నీదని చెప్పుకోవాల్సినదాన్నే నువ్వు చెరిపేశావు. ఇది పట్టుకెళ్తే, సినిమా చూసి వచ్చి నిన్న కూర్చుని రాశాడంటారు.

తిట్టే ఓపిక లేదు. మిగతా 'ఫైనల్'లలో పాత ప్రతి ఏదైనా ఉందేమో చూడు, ఉంటే ఈసారి చెయ్యి పెట్టకు. అంతకన్నా మెయిల్ మేలు. మెయిల్ మీద పడే తేదీ మన చేతిలో ఉండదు. నీ పాత మెయిల్ తెరిచి, పంపినవాటిలో అటాచ్‌మెంట్ ఉన్నవి మాత్రమే చూపించమని అడుగు. నాకు కూడా పంపావు కదా, నేనూ వెతుకుతాను.

కరుణ

*

మధురానగర్
జూలై 18, 2025

కరుణా,

"నీదని చెప్పుకోవాల్సినది" అని రాశావు. చెప్పుకోవాల్సినదా? అంటే నాది కాదనా? వాడి పక్క లాయరు కూడా ఇంతకన్నా బాగా అనలేడు. ఊరంతా అనుమానించినా ఫరవాలేదు, నువ్వు కూడానా?

మిగతా ఫైళ్ళన్నీ ముప్పయ్యో సీన్ దగ్గర ఆగిపోయాయి. పాత మెయిల్ తెరుచుకోవడం లేదు. పాస్‌వర్డ్ పోయింది. ఆ ఫోన్ నంబరు ఇప్పుడు ఎర్రగడ్డలో ఎవరిదో కూరగాయల దుకాణంలో మోగుతోంది. మీరు మీరేనని రుజువు చేసుకోండి అంటోంది కంపెనీ. నేను నేనేనని యంత్రానికి రుజువు చూపించాలి, సృజన్ మాత్రం ఎవరికీ ఏ రుజువూ చూపించక్కర్లేదు.

ఇక నీ మెయిలే దిక్కు. అసలు అప్పుడు నీకు పంపిందే నీ అనుమతి కోసం. నలభై రెండో సీన్ చదివి ఎలా ఉందో చెప్పమన్నాను. "చాలా బాగుంది అన్నయ్యా" అని రాశావు. ఆ ఒక్క మాట పట్టుకునే ధైర్యంగా సృజన్‌కి చెప్పాను. నువ్వు వద్దనుంటే ఆ కథ నా దగ్గరే ఉండిపోయేది.

ఆనందకుమార్

*

ఏలూరు
జూలై 24, 2025

అన్నయ్యా,

దొరికింది. ఆగస్టు 21, 2019, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. నీ పేరు, ఆ సంవత్సరం, అటాచ్‌మెంట్ ఉన్నవి అని మూడూ కలిపి అడిగితే ఒకే ఒక్కటి వచ్చింది. ఇందులో ఎవరూ ఏమీ మార్చలేదు.

ఒకటి ఒప్పుకోవాలి. అప్పుడు నేను చదవలేదు. ఫోన్లో తెరిస్తే మొత్తం పిచ్చి గీతలు వచ్చాయి. పాత ఫాంటు సంగతి అప్పటికి నాకూ తెలియదు. చదవడం కుదర్లేదంటే నువ్వు నొచ్చుకుంటావు, ఎలాగూ బాగానే రాసుంటావు అనుకుని బాగుందని కొట్టేశాను. నువ్వు అడిగింది అనుమతి అని నీ పోయినసారి ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు.

'దెబ్బ తిన్నంక' అని శకుంతలమ్మ అన్నదాని దగ్గరే ఏదో అనిపించింది. నిన్న మా కాలేజీ మ్యాగజైన్ కొట్టే పాత మిషన్లో ఆ ఫాంటు ఉంటే, కాపీ తీసి అందులో తెరిచాను.

ఆ బల్ల మా ఇంట్లోది. ఆకుపచ్చ నీళ్ళ జగ్గు కూడా మాదే. 2008లో ఈస్టర్ మధ్యాహ్నం. పాస్టరుగారికి వడ్డించడం ఆలస్యమైందని మీ బావ నన్ను అందరిముందూ కొట్టారు. జెరూషకి తొమ్మిదేళ్ళు, చేతిలో అప్పడాల పళ్ళెం. పాస్టరుగారు కంచంలోకి చూస్తూ కూర్చున్నారు. అన్నీ ఉన్నదున్నట్టు రాశావు, నేను పైట సర్దుకుని నవ్వడంతో సహా. నువ్వు అంత బాగా చూశావని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఆ తర్వాత నీ స్క్రిప్టులో అన్న లేచి నిలబడ్డాడు. ఆ రోజు నువ్వు పెరుగు అడిగావు. నేను తెచ్చి వేశాను.

నా ఎడమ చెవి పోయింది టైఫాయిడ్‌తో కాదు. అమ్మకి నేనే అలా చెప్పాను. ఆ సంగతి నీ సీన్లో లేదు, నీకు తెలియదు కాబట్టి. తెలియదు, అడగలేదు కాబట్టి.

ఆయన పోయి నాలుగేళ్ళయింది. చర్చి పెద్ద అని సమాధి మీద నేనే చెక్కించాను. కోపం పెట్టుకునే ఓపిక కూడా అయిపోయింది. కానీ ఆరు వందల మంది కూర్చుని దానికి ఈలలు వేస్తున్నారంటే, ఎందుకో ఈ రెండు రోజులూ అన్నం సహించడం లేదు.

మెయిల్ నా దగ్గర ఉంది. ఏం చెయ్యాలో ఆలోచించుకోనీ.

కరుణ

*

మధురానగర్
జూలై 27, 2025

కరుణా,

నాలుగు పేజీలు రాసి చెరిపేశాను. పురుషాధిక్యత అన్న మాట అందులో ఏడుసార్లు వచ్చింది. పెరుగు ఒక్కసారీ రాలేదు.

సంఘంలో కనుక్కున్నాను. ప్రింట్లు ఒప్పుకోరట. మెయిల్ అందుకున్న మనిషే వచ్చి వాళ్ళ ముందు తెరిచి చూపించాలి. కమిటీలో అయిదుగురు మగవాళ్ళు, ఎదురుగా సృజన్. వాళ్ళ ముందు కూర్చుని ఆ సీన్ తెరవమని నిన్ను అడగలేను. రేపు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. తెరమీద పేరు లేకుండానే ఇన్నేళ్ళు బతికాను. నీ గౌరవం కన్నా నాకు అది ఎక్కువ కాదు.

అన్నయ్య

*

ఏలూరు
జూలై 28, 2025

అన్నయ్యా,

వెనక్కి తీసుకోవద్దు. ఇది చూసిన వెంటనే సంఘం వాళ్ళకి అదే చెప్పు.

ఆ ఈస్టర్ సాయంత్రం బస్టాండులో కూడా నువ్వు ఇదే అన్నావు. "నలుగురిలో నీ గౌరవం పోతుందని ఊరుకున్నానమ్మా" అన్నావు. పాస్టరుగారు తర్వాతి ఆదివారం అదే అన్నారు. మీరందరూ నా గౌరవం పేరు చెప్పి నోళ్ళు మూసుకున్నారు. ఇంక నా పేరు చెప్పి మూసుకోకు. నీ కథ నీది అవునా కాదా అన్నది వేరు, దానికి నన్ను అడ్డం పెట్టుకోవడం వేరు.

ఎనిమిదో తారీకు రాత్రి బండికి వస్తాను. మెయిల్ నేనే తెరుస్తాను. అడిగితే నేనే చెబుతాను. ఎందుకని అడగకు, నాకే సరిగ్గా తెలియదు. పదిహేడేళ్ళుగా ఎవరూ నన్ను ఆ రోజు ఏం జరిగిందని అడగలేదు. వాళ్ళు అడిగేట్టున్నారు.

నా కుడిపక్క కూర్చో, అటువైపు వినపడుతుంది. నువ్వు మాట్లాడకు. నాకు ఎలాగూ సగమే అందుతుంది, అందుకని వాళ్ళు రాసుకున్నదాని కాపీ అడిగి పంపు. మధ్యాహ్నం తిరుగు బండికి టికెట్ తీశాను. భోజనానికి ఆగను.

మెయిల్ ఎక్కడికీ పోదులే. జెరూషకి పంపాను, పెన్‌డ్రైవ్‌లో పెట్టాను, కాలేజీ బీరువాలో ఒకటి ఉంది.

కరుణ

*

మధురానగర్
ఆగస్టు 20, 2025

కరుణా,

సంఘం నుంచి విచారణ నివేదిక వచ్చింది. జత చేస్తున్నాను. కథ నాదని తేల్చారు. హాళ్ళలో ఆడేదాన్ని మార్చలేరట గాని, ఓటీటీలో వచ్చేదాంట్లో 'కథ: ఆనందకుమార్' అని వేస్తారు. వచ్చే నెల.

నీకు ఆ గదిలో ఎంత వినపడిందో నాకు తెలియదు. నువ్వు మెయిల్ తెరిచి చూపించాక సృజన్ ఒక మాట అన్నాడు. అది పేజీ మూడులో ఉంది: "తేదీ ఒప్పుకుంటాను. కానీ ఇలాంటివి చాలా ఇళ్ళల్లో జరుగుతాయి. ఆయనా ఎక్కడో చూసే రాశారు, నేనూ ఎక్కడో చూసే తీశాను. ఇందులో ఆయన సొంతం ఏముంది?" అధ్యక్షుడు అదే ప్రశ్న కాగితం మీద రాసి నీ ముందుకు జరిపాడు. దానికి నువ్వు చెప్పింది పేజీ నాలుగులో ఉంది. చెప్పింది నువ్వే అయినా, ఒకసారి రాసి చూడాలనిపించి రాస్తున్నాను:

"కరుణాకుమారి: కొట్టడం మా ఇంట్లో జరిగింది. అంతవరకూ సృజన్‌గారు అన్నది నిజమే. చాలా ఇళ్ళల్లో జరుగుతుంది, ఎవరైనా చూసి రాయొచ్చు. అన్న లేచి చెయ్యి పట్టుకోవడం మాత్రం ఎక్కడా జరగలేదు. మా అన్నయ్య ఆ రోజు ఆ బల్ల దగ్గరే ఉన్నాడు, లేవలేదు. కాబట్టి అది చూసి రాసింది కాదు. అది పూర్తిగా ఆయన కల్పన. ఆయన సొంతం."

దాని కింద ఒకే వాక్యం: "ఈ వాంగ్మూలాన్ని కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది."

నువ్వు సంచీ తీసుకుని బయల్దేరినప్పుడు కమిటీలో అందరూ లేచారు. తలుపు దాకా వచ్చి తీసిపట్టుకున్నది సృజన్. నన్ను మాట్లాడవద్దన్నావు. లేవవద్దని అనలేదు. నేను నీ కుడిపక్క కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను కరుణా.

ఆనందకుమార్